అమెరికాలో దిగుమతి రొయ్యలు, చేపలు కొనేవారికి: సంచి చదవడం మొదలుకొని వంట దాకా

అమెరికాలో తినే రొయ్యల్లో పదింట తొమ్మిది వంతులకు పైగా బయటి దేశాల నుంచి వచ్చినవే. వాటిని పంపే దేశాల్లో భారత్, ఈక్వడార్, ఇండోనేషియా, వియత్నాం ముఖ్యమైనవి. భారత్ నుంచి వెళ్లే సాగు రొయ్యలో పెద్ద వాటా ఆంధ్రప్రదేశ్‌ది కావడం వల్ల, డల్లాస్‌లోనో ఎడిసన్‌లోనో ఒక తెలుగు ఇంటి ఫ్రీజరులో ఉన్న సంచి భీమవరం, నెల్లూరు, కాకినాడ పరిసరాల చెరువుల నుంచే వచ్చి ఉండే అవకాశం బాగా ఉంది. ఈ విషయంలో మనవాళ్లలో రెండు ధోరణులు కనిపిస్తాయి. మన ఊరి సరుకే కదా అని సంచి వెనక్కి కూడా తిప్పి చూడకుండా కొనేవారు కొందరైతే, ఒక వార్త చూసి దిగుమతి సరుకు మొత్తాన్నీ మానేసేవారు మరికొందరు. ఈ రెండింటిలో ఏదీ ఇంటిల్లిపాదినీ కాపాడదని నా నమ్మకం. ఒకే దేశం నుంచి, ఒక్కోసారి ఒకే జిల్లా నుంచి, ఎంతో జాగ్రత్తగా పెంచి శుభ్రం చేసిన సరుకూ వస్తుంది, అలా కానిదీ వస్తుంది. వాటి మధ్య తేడా పట్టుకోవడానికి కొనేవారి చేతిలో ఉన్న సాధనాలు తక్కువే అయినా, ఉన్నవాటిని చాలామంది వాడుకోవడం లేదు.

వంటతో పోయేవి, పోనివి

ముందుగా ఏ ప్రమాదం ఎలాంటిదో విడదీసి చూడాలి. సాల్మొనెల్లా, విబ్రియో వంటి బ్యాక్టీరియా వేడికి చస్తాయి. రొయ్య లేదా చేప లోపలి భాగం 145 డిగ్రీల ఫారెన్‌హీట్, అంటే సుమారు 63 డిగ్రీల సెల్సియస్‌కు చేరాలన్నది అక్కడి ప్రభుత్వ సూచన. మన ఇగురు, పులుసు, వేపుడు ఈ వేడిని ఎలాగూ దాటుతాయి. వీటితో చిక్కు వంటకు ముందే వస్తుంది. పచ్చి రొయ్యల్ని కుళాయి కింద జోరుగా కడిగినప్పుడు ఆ నీళ్లు సింకు పక్కనే ఉన్న కొత్తిమీర మీద, కడిగిపెట్టిన కంచాల మీద చిందితే, అక్కడ పడిన బ్యాక్టీరియా పొయ్యి ఎక్కకుండానే నోట్లోకి చేరుతుంది. కాబట్టి గిన్నెలో నీళ్లు పోసి మెల్లగా కడిగి, ఆ తర్వాత సింకును, కత్తిపీటను, చేతులను సబ్బుతో శుభ్రం చేసుకోవాలి.

యాంటీబయాటిక్ అవశేషాలు అలాంటివి కావు. క్లోరాంఫెనికాల్, నైట్రోఫ్యూరాన్లు అనే మందుల్ని ఆహారం కోసం పెంచే రొయ్యల్లో వాడటాన్ని అమెరికా, ఐరోపా సమాఖ్య, భారత్ అన్నీ నిషేధించాయి. క్లోరాంఫెనికాల్ అరుదుగానైనా ఎముక మజ్జను దెబ్బతీసి ప్రాణాంతకమైన రక్తహీనతకు దారితీయగలదు. ఇంత మోతాదు వరకు పరవాలేదని చెప్పగలిగిన హద్దు దానికి లేదు. నైట్రోఫ్యూరాన్ల అవశేషాలు కండలోని ప్రొటీన్లకు అతుక్కుని ఉండిపోతాయి కాబట్టి ఉడికించినా, వేయించినా చాలావరకు అలాగే మిగులుతాయి. పసుపు, ఉప్పు, నిమ్మరసం పట్టించి కడగడం నీచు వాసనను తగ్గిస్తుందే తప్ప, ఈ అవశేషాల మీద దాని ప్రభావం ఏమీ ఉండదు. ఒకసారి తిన్నంత మాత్రాన జబ్బు చేస్తుందని దీనర్థం కాదు. చెరువుల్లో మందులు విచ్చలవిడిగా వాడితే వాటికి లొంగని బ్యాక్టీరియా పెరగడమనేది అందరి ఆరోగ్యానికీ సంబంధించిన మరింత పెద్ద ముప్పు.

రైతు ఆ మందు ఎందుకు వాడతాడో కూడా తెలుసుకోవడం న్యాయం. కౌలు, మేత, కరెంటు బిల్లు అన్నీ అప్పు మీద నడుస్తున్నప్పుడు చెరువులో రొయ్య చనిపోవడం మొదలైతే, పంట చేతికి రాకముందే పోతుందన్న భయంతో ఎవరు ఏది చెబితే అది చల్లే పరిస్థితి వస్తుంది. తెల్లమచ్చ వ్యాధి వైరస్ వల్ల వస్తుంది. దానికి యాంటీబయాటిక్ పనిచేయదు. అయినా వాడినవారు ఉన్నారు, వారికి అమ్మినవారూ ఉన్నారు. దీన్ని అడ్డుకోవడానికే రొయ్యల్ని పట్టడానికి ముందు చెరువులోని నమూనాను ప్రయోగశాలలో పరీక్షించే పద్ధతిని మన దగ్గర పెట్టారు. ఎంపెడా అని పిలిచే సముద్ర ఉత్పత్తుల ఎగుమతుల అభివృద్ధి సంస్థ అవశేషాల నియంత్రణ ప్రణాళికను నడుపుతుంది, ఎగుమతి తనిఖీ మండలి ప్రాసెసింగ్ ప్లాంట్లకు అనుమతి ఇస్తుంది. ఈ వ్యవస్థ ఉంది, పనిచేస్తోంది, కానీ దాని కళ్లుగప్పి పోయే సరుకు కూడా ఉంది. అందుకే ఐరోపా సమాఖ్య 2016లో భారత సాగు రొయ్యల సరుకుల్లో సరిహద్దు దగ్గర పరీక్షించే వాటాను 10 శాతం నుంచి 50 శాతానికి పెంచింది. అమెరికాలో ఆహార, ఔషధ నియంత్రణ సంస్థ అయిన ఎఫ్‌డీఏ అంత మేరకు పరీక్షించదు. 2015 ఆర్థిక సంవత్సరంలో దిగుమతి సీఫుడ్‌లో దాదాపు 0.1 శాతాన్ని మాత్రమే మందుల అవశేషాల కోసం పరీక్షించారని అక్కడి ప్రభుత్వ జవాబుదారీ కార్యాలయం 2017 నివేదికలో పేర్కొంది. అంటే రేవులో ఎవరో చూసే ఉంటారన్న భరోసా మీద కొనడం సరికాదు.

హిస్టమిన్ అనే రసాయనం వల్ల వచ్చే ప్రమాదం మరో రకం. ట్యూనా, కానాగంతలు, కవ్వలు వంటి చేపల్ని పట్టిన వెంటనే ఐసులో పెట్టకపోతే బ్యాక్టీరియా వాటి కండలో హిస్టమిన్‌ను తయారుచేస్తుంది. ఒకసారి తయారైతే గడ్డకట్టించినా, మరిగించినా పోదు. తిన్న కొద్ది నిమిషాల నుంచి రెండు గంటల లోపు ముఖం ఎర్రబడటం, తలనొప్పి, దద్దుర్లు, నోట్లో మిరియం తగిలినట్టు మంట దీని లక్షణాలు. చాలామంది దీన్ని చేప పడకపోవడంగా పొరబడతారు. మొదటి ముక్కకే నాలుక మీద అలాంటి మంట తగిలితే, అది కూరలోని కారం వల్ల కాదనిపిస్తే, అక్కడితో ఆపి ఆ చేపను పారేయాలి.

సంచి మీద ఏం చదవాలి

అమెరికా సూపర్‌మార్కెట్లలో చేపలు, రొయ్యల మీద ఏ దేశానివో, సాగు చేసినవో, సముద్రంలో పట్టినవో రాయాలన్న నిబంధన 2005 నుంచి అమల్లో ఉంది. రెస్టారెంట్లకు, చేపలు మాత్రమే అమ్మే దుకాణాలకు ఇది వర్తించదు. ఉడికించి, పొడి అద్ది, మసాలా కలిపి అమ్మే సరుకుకూ చాలావరకు వర్తించదు. ఈ కారణం చేతనే పచ్చి రొయ్యను కొని ఇంట్లో వండుకోవడం మంచిదని నేను అంటాను. దాని గురించి తెలిసేంత సమాచారం పిండి అద్దిన రొయ్య గురించి తెలియదు. సంచి ముందు భాగంలో పెద్ద అక్షరాలతో ఉండే బ్రాండు పేరు, పంపిణీదారు చిరునామా మూలం గురించి ఏమీ చెప్పవు. ఏ దేశపు ఉత్పత్తి అన్న మాట వెనుక వైపు, బార్‌కోడ్ దగ్గరో పోషకాల పట్టిక కిందో చిన్న అక్షరాలతో ఉంటుంది. వెతికి చదవాలి.

భారత రొయ్య మీద సముద్రంలో పట్టినదని రాసి ఉంటే మాత్రం అమ్మినవారిని ప్రశ్నించవలసిందే. ట్రాలర్ వలల్లో పడే సముద్రపు తాబేళ్లను తప్పించే పరికరాలు వాడటం లేదన్న కారణంతో, భారత ట్రాలర్లు పట్టిన రొయ్యను అమెరికా 2019 నుంచి అనుమతించడం లేదు. అక్కడికి వచ్చే మన రొయ్య దాదాపు అంతా చెరువుదే, అందులోనూ ఎక్కువ భాగం 2009లో సాగుకు అనుమతి పొందిన వనామీ రకమే.

తర్వాత చూడవలసింది పదార్థాల జాబితా. అందులో రొయ్యలు, ఉప్పు తప్ప మరేమీ లేకపోతే మంచిది. సోడియం ట్రైపాలీఫాస్ఫేట్ అని ఉంటే, నీటిని పట్టి ఉంచడానికి ఆ ద్రావణంలో నానబెట్టారని అర్థం. అది నిషేధించిన పదార్థం కాదు, కానీ రొయ్యల ధరకు నీళ్లు కొంటున్నట్టే. అలాంటి రొయ్య పచ్చిగా ఉన్నప్పుడే గాజులా మెరుస్తూ, వేళ్లకు జారుడుగా తగులుతుంది. మూకుట్లో వేయగానే నూనె కనిపించనంత నీరు వదిలి, సగానికి ముడుచుకుపోతుంది. ఇగురు కాస్తా పులుసైపోవడానికి చాలాసార్లు కారణం ఇదే. 4 ఔన్సులకు సోడియం 500 మిల్లీగ్రాములు దాటి ఉన్నా, ఉప్పునీరో ఫాస్ఫేటో బాగా పట్టించారని సాధారణంగా అనుకోవచ్చు. రక్తపోటు ఉన్నవారు ఉన్న ఇంట్లో ఈ అంకెను తప్పక చూడాలి. సోడియం మెటాబైసల్ఫైట్‌ను పెంకు మీద నల్లమచ్చలు రాకుండా వాడతారు. ఉబ్బసం ఉన్నవారిలో కొందరికి ఇది ఆయాసం తెప్పిస్తుంది. సల్ఫైట్ పది లక్షల్లో 10 వంతులు లేదా అంతకు మించితే సంచి మీద రాయాలి. అమెరికా గల్ఫ్ తీరపు పడవల్లో కూడా దీన్ని వాడతారు కాబట్టి, స్థానిక రొయ్య అయినంత మాత్రాన సల్ఫైట్ ఉండదని అనుకోకూడదు.

రొయ్య చుట్టూ ఉండే పల్చని మంచు పొర ఎండిపోకుండా కాపాడటానికి వేసేది. దాని బరువును సంచి మీద రాసిన నికర బరువులో కలపకూడదు. అనుమానం వస్తే చల్లటి నీటి కింద ఆ పొర మాత్రం కరిగేలా కడిగి, నీరు ఓడ్చి తూచి చూడండి. కౌంటు విషయంలో మనవాళ్లు తరచుగా తికమక పడతారు: మన దగ్గర కౌంటు అంటే తలతో సహా కిలోకు ఎన్ని రొయ్యలని, అక్కడ సంచి మీద 26/30 అని ఉంటే పౌండుకు ఎన్ని తూగుతాయని. తల తీస్తే పోయే బరువును లెక్కలోకి తీసుకుంటే, ఆంధ్రాలో 40 కౌంటు రొయ్య అక్కడి తలలేని 26/30కి సుమారుగా సమానం.

గుర్తులు, బహిరంగ జాబితాలు

సాగు పద్ధతుల్ని తనిఖీ చేసి ఇచ్చే బీఏపీ అనే ధ్రువీకరణ గుర్తు మీద ఒకటి నుంచి నాలుగు వరకు నక్షత్రాలు ఉంటాయి. ప్రాసెసింగ్ ప్లాంటు, చెరువు, హేచరీ, మేత మిల్లు అనే నాలుగు దశల్లో ఎన్నింటికి ధ్రువీకరణ ఉందో అవి చెబుతాయి. ఒక్క నక్షత్రమే ఉంటే ప్లాంటుకు ధ్రువీకరణ ఉంది కానీ చెరువుకు లేదని అర్థం కావచ్చు. మందులు వాడేది చెరువులో కాబట్టి నేనైతే రెండు నక్షత్రాలకు తక్కువైనదాన్ని పెద్దగా లెక్కించను. ఏఎస్‌సీ గుర్తు సాగు సరుకుకు, ఎంఎస్‌సీ గుర్తు ప్రధానంగా సముద్రంలో పట్టిన సరుకుకు ఇస్తారు. ఇవేవీ ప్రతి సంచినీ పరీక్షించినట్టు హామీ ఇవ్వవు, ఏటేటా తనిఖీ జరిగిందని మాత్రం చెబుతాయి.

ఇంతకంటే విలువైనదాన్ని ఎఫ్‌డీఏ ఉచితంగా అందిస్తోంది. దిగుమతి హెచ్చరికల జాబితాలను ఆ సంస్థ వెబ్‌సైటులో ఎవరైనా చూడవచ్చు. అనుమతి లేని మందులకు సంబంధించినది 16-124, క్లోరాంఫెనికాల్‌కు సంబంధించినది 16-127, నైట్రోఫ్యూరాన్లకు సంబంధించినది 16-129. వీటిలో దేశాల వారీగా కంపెనీల పేర్లు ఉంటాయి. ఎర్ర జాబితాలో ఉన్న కంపెనీ సరుకును పరీక్షించకుండానే రేవులో ఆపేసే అధికారం అధికారులకు ఉంటుంది. వెనక్కి తిప్పిన సరుకుల వివరాలు మరో చోట ఉంటాయి: కంపెనీ, తేదీ, కారణం. సంచి మీద ప్లాంటు పేరో నంబరో ఉంటే దాన్ని పట్టుకుని వెతకడానికి ఎంతో సమయం పట్టదు. ఆ వివరం లేని సొంత బ్రాండు సంచి అయితే, ఈ సరుకు ఏ ప్లాంటు నుంచి వచ్చిందని దుకాణం వారికి ఉత్తరం రాసి అడగాలి. ఎవరూ అడగకపోతే, చెప్పవలసిన అవసరం వారికీ కనిపించదు.

సరుకు శుభ్రంగా ఉండటం ఒక్కటే మూలం మంచిదనడానికి సరిపోదు. 2024 మార్చిలో అవుట్‌లా ఓషన్ ప్రాజెక్ట్, కార్పొరేట్ అకౌంటబిలిటీ ల్యాబ్ అనే రెండు సంస్థలు ఆంధ్ర తీరంలోని రొయ్యల పరిశ్రమలో కూలీల స్థితిగతులపై తీవ్రమైన ఆరోపణలతో నివేదికలు వెలువరించాయి. పరిశ్రమ వర్గాలు వాటిని ఖండించాయి. తలలు తీసి పెంకు వలిచే షెడ్లలో పనిచేసేది ఎక్కువగా మన ఊళ్ల ఆడవాళ్లే. వలిచే పని ధ్రువీకరణ పొందిన ప్లాంటు లోపలే జరిగిందా, బయటి షెడ్డుకు ఇచ్చారా అన్న ప్రశ్నను కూడా దుకాణానికి రాసే ఉత్తరంలో చేర్చమని నా విన్నపం.

చేపల విషయంలో

జెల్లలు, వాలుగ, పంగాసియస్ వంటి మీసాల చేపల జాతిని అమెరికాలో ఎఫ్‌డీఏ కాకుండా వ్యవసాయ శాఖ తనిఖీ చేస్తుంది. ఆ జాతిని పంపడానికి ఆ శాఖ తమతో సమానమైన తనిఖీ వ్యవస్థ ఉందని 2019లో గుర్తించిన దేశాలు వియత్నాం, చైనా, థాయిలాండ్ మాత్రమే. భారత్, బంగ్లాదేశ్, మయన్మార్ ఆ వరసలో లేవు. అయినా ఆసియా దుకాణాల ఫ్రీజర్లలో ఆ దేశాల జెల్లలు అప్పుడప్పుడు దొరుకుతుంటాయి; అలాంటి సరుకును వ్యవసాయ శాఖ పలుమార్లు వెనక్కి రప్పించింది. అవి తనిఖీ లేకుండా వచ్చినవి, కాబట్టి ఎంత నోరూరినా కొనవద్దు.

పాదరసం గురించి గర్భిణులు, బాలింతలు, చిన్నపిల్లలు ఉన్న ఇళ్లలో ప్రత్యేకంగా ఆలోచించాలి. అమెరికా ప్రభుత్వ సలహాలో పూర్తిగా మానవలసిన చేపల్లో సొర, కింగ్ మాకెరెల్, కత్తిచేప, పెద్దకన్ను ట్యూనా ఉన్నాయి. మన తీరంలో బాలింతకు పాలు పడతాయని సొర కూర పెట్టడం ఆచారం. ప్రేమతో చేసే పనే, కానీ వేటాడి బతికే పెద్ద చేపలో పేరుకున్న పాదరసం తల్లి ద్వారా బిడ్డకు చేరగలదు కాబట్టి ఆ నెలల్లో దాన్ని మానడమే మంచిది. మనం వంజరం అనీ, కొన్నిచోట్ల కోనాం అనీ పిలిచే చేప కింగ్ మాకెరెల్‌కు దగ్గరి బంధువు. దుకాణాల్లో కింగ్ ఫిష్ పేరుతో అమ్ముతారు. గర్భిణులు దాన్ని పక్కన పెట్టి, అదే సలహాలో మేలైనవిగా పేర్కొన్న రొయ్య, సాల్మన్, తిలాపియా, సార్డీన్ వంటివాటిని వారానికి 8 నుంచి 12 ఔన్సుల వరకు తినవచ్చు. చేపే మానేయడం ఈ సలహా ఉద్దేశం కాదు.

ఎండు చేపల్లో ఒక్క విషయం మరవకూడదు. 5 అంగుళాల కన్నా పొడవైన చేపను పేగులు తీయకుండా ఉప్పువేసి ఎండబెడితే బొటులిజం విషం తయారయ్యే ప్రమాదం ఉంది కాబట్టి ఎఫ్‌డీఏ అలాంటి సరుకును అనుమతించదు. పొట్ట కోసి శుభ్రం చేసిన గుర్తు కనిపించని పెద్ద ఎండు చేప ఎవరు ఇచ్చినా తీసుకోవద్దు.

ఇంటికి తెచ్చాక

2025 ఆగస్టులో ఇండోనేషియా నుంచి వచ్చిన గడ్డకట్టిన రొయ్యల్లో సీజియం-137 అనే రేడియోధార్మిక పదార్థం జాడ బయటపడింది. ఎఫ్‌డీఏ పరీక్షించిన నమూనాలో కిలోకు 68 బెకరెల్ (రేడియోధార్మికతను కొలిచే ప్రమాణం) ఉంది. చర్య తీసుకోవడానికి ఆ సంస్థ పెట్టుకున్న హద్దు 1,200. హద్దు కన్నా చాలా తక్కువే అయినా, ఎక్కువకాలం తింటే మంచిది కాదన్న ఉద్దేశంతో కొన్ని సంచుల్ని పారేయమని ఆ సంస్థ హెచ్చరించింది. ఆ హెచ్చరికల్లో సరుకును గుర్తించింది లాట్ నంబరు, గడువు తేదీలతో. అయితే మన ఇళ్లలో చాలామంది తెచ్చిన రొయ్యల్ని కడిగి, చిన్న చిన్న డబ్బాల్లో సర్ది, సంచిని పారేస్తారు. ఆ తర్వాత ఏ హెచ్చరిక వచ్చినా మన దగ్గరున్నది అదో కాదో తేల్చుకునే దారి ఉండదు. లాట్ నంబరు, తేదీ, దేశం ఉన్న ముక్కను కత్తిరించి డబ్బాలో వేసుకోండి, లేదా ఫోనులో ఫొటో తీసుకోండి.

దుకాణంలో సంచిని కదిపితే రొయ్యలు విడివిడిగా గలగలలాడాలి. ఒకే ముద్దగా ఉండి అడుగున మంచు పలకలా పేరుకుంటే, దారిలో ఒకసారి కరిగి మళ్లీ గడ్డకట్టిందని అనుమానించవచ్చు. ఇంట్లో ఫ్రీజరు 0 డిగ్రీల ఫారెన్‌హీట్ దగ్గర ఉండాలి. రాత్రి ఫ్రిజ్‌లో పెట్టి కరిగించడం ఉత్తమం. తొందరగా కావాలంటే మూతబిగించిన సంచిని చల్లటి నీటిలో ఉంచి, కరగ్గానే వండాలి. గాలి తీసి ప్యాక్ చేసిన చేపను మాత్రం ప్యాకెట్ విప్పిన తర్వాతే ఫ్రిజ్‌లో కరిగించాలి. గాలి అందని చోట, ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరగగల ఒక రకం బొటులిజం బ్యాక్టీరియా ఉంది. ప్యాకెట్‌కు ఒక మూల కోసి గాలి తగలనిస్తే దాని పెరుగుదల ఆగుతుంది.

విప్పగానే అమ్మోనియా వాసన వచ్చినా, తిన్నాక ఎవరికైనా ఒంట్లో బాగాలేకపోయినా, మిగిలిన సరుకును సంచితో సహా ఫ్రీజరులో వేరుగా ఉంచండి. లక్షణాలు తీవ్రంగా ఉంటే ముందు వైద్యుడి దగ్గరికి వెళ్లాలి. ఆ తర్వాత దుకాణానికి, మీ రాష్ట్రానికి సంబంధించిన ఎఫ్‌డీఏ వినియోగదారుల ఫిర్యాదుల అధికారికి కొన్న తేదీ, లాట్ నంబరు, తిన్న సమయం, లక్షణాలు మొదలైన సమయం రాసి పంపాలి. మీసాల చేప అయితే ఫిర్యాదు వ్యవసాయ శాఖకు వెళ్లాలి.